క్షేత్రయ్య పదాలపై పరిశోధన, కచేరీ: గ్రాంటు ఎక్కడ అడగాలి, ఎలా అడగాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సంగీతంలో ఎం.ఏ. చేశారు, విజయవాడలో పిల్లలకు పాఠాలు చెబుతున్నారు, వయసు 33. క్షేత్రయ్య పదాల (ఆయన రాసిన శృంగార గేయాల) మీద పరిశోధన చేసి, వాటినే కచేరీగా ఇవ్వాలని ఉంది. గ్రాంటు ఎవరిస్తారు, రెండు పనులకూ ఒకటే సరిపోతుందా, సొంత సంస్థ లేకపోతే ఎలా, సంస్థ పెట్టుకోవాలా అని.

సూటిగా చెబుతాను: రెండింటికీ కలిపి ఒకే గ్రాంటు అడగకండి. పరిశోధనకు మీ పేరు మీదే కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ జూనియర్ ఫెలోషిప్‌కు పెట్టుకోండి. కచేరీకి వేరుగా, ఇప్పటికే రిజిస్టరై ఉన్న ఒక సంగీత సభ ద్వారా అడగండి, అదీ పరిశోధన సగమైనా పూర్తయ్యాక. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: "క్షేత్రయ్య మీద పరిశోధన" అని రాస్తే ఎక్కడా రాదు. క్షేత్రయ్య గురించి ఒక ప్రశ్న పట్టుకుని వెళ్తే రావచ్చు.

ముందు ఒక ఆశ వదిలించుకోవాలి. క్షేత్రయ్య పేరు మీద ప్రత్యేకంగా నిధి ఏదైనా ఉందేమోనని చాలామంది ఏళ్ళ తరబడి వెతుకుతారు. ఒక వాగ్గేయకారుడి పేరు మీద గ్రాంట్లు నడవాలంటే ఆ పేరు మీద ఎక్కడినుంచో డబ్బు వస్తూ ఉండాలి. న్యూయార్క్‌లో కుర్ట్ వైల్ ఫౌండేషన్ ఉంది. జర్మన్ సంగీతకర్త వైల్ 1950లో పోయారు. ఆయన భార్య, గాయని లోటే లెన్యా 1962లో దాన్ని నెలకొల్పారు. వైల్ సంగీత నాటకాలు ఆడిన చోటల్లా రాయల్టీ వచ్చేది. ఆయన రచనలు ప్రదర్శించేవాళ్ళకూ, వాటిమీద పరిశోధించేవాళ్ళకూ ఆ ఫౌండేషనే గ్రాంట్లిస్తుంది. మన దగ్గర అన్నమయ్యకు వెంకన్నే దిక్కయ్యాడు. తితిదే 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టి, స్వరపరచడం, రికార్డు చేయడం, ఊరూరా పాడించడం అంతా నెత్తినేసుకుంది. క్షేత్రయ్యకు రాయల్టీ లేదు, హుండీ లేదు. ఆదరించిన తంజావూరు విజయరాఘవ నాయకుడి రాజ్యం 1673లోనే పోయింది.

కాబట్టి మీకు దొరికే డబ్బు "సంస్కృతి" అనే పెద్ద పద్దులోది. ఆ వరుసలో మీ పక్కన కథకళి వాళ్ళు, తోలుబొమ్మలాట వాళ్ళు, శాసనాలు చదివేవాళ్ళు కూడా నిలబడి ఉంటారు. మీ దరఖాస్తు చదివేవాళ్ళలో తెలుగు రానివాళ్ళే ఎక్కువ. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

ఎవరెవరు ఇస్తారు

జూనియర్ ఫెలోషిప్ 25 నుంచి 40 ఏళ్ళ లోపు వాళ్ళకు. నెలకు 10,000 రూపాయలు, రెండేళ్ళు. 40 దాటినవాళ్ళకు సీనియర్, నెలకు 20,000. ఏటా ఒక్కోదానికి 200 వరకు ఇస్తారు, కానీ అది దేశం మొత్తానికి, అన్ని కళలకూ కలిపి. డిగ్రీ ఉండాలి. దరఖాస్తు సీసీఆర్టీ (కేంద్ర సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం) వెబ్‌సైట్‌లో. డబ్బు ఆరు నెలలకో విడత చొప్పున వస్తుంది, పని నివేదిక పంపితేనే తర్వాతి విడత. ఇందులో చాలామంది గమనించని నిబంధన ఒకటుంది: శిక్షణ ఇవ్వడానికి, వర్క్‌షాపులు, సెమినార్లు జరపడానికి, ఆత్మకథలు, కల్పిత రచనలు రాయడానికి ఈ ఫెలోషిప్ కాదు. కాబట్టి ప్రపోజల్ చివర ఉత్సాహం ఆపుకోలేక "యువతకు పదాల వర్క్‌షాపు నిర్వహిస్తాను" అని రాయకండి. పరిశోధన అన్నది అడుగడుగునా కనబడాలి.

బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1995 నుంచి గ్రాంట్లిస్తోంది. వ్యక్తులు నేరుగా అడగవచ్చు, సంస్థ అక్కర్లేదు. ప్రపోజల్ తెలుగులోనే రాసి పంపవచ్చు, మనవాళ్ళు దీన్ని వాడుకోవడం చాలా తక్కువ. వీళ్ళు మామూలు విద్యావిషయక పరిశోధన కంటే కొత్త కోణం ఉన్న పనిని ఇష్టపడతారు.

తంజావూరులో దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో సభ్య రాష్ట్రాలు. గురు శిష్య పరంపర, యువ కళాకారుల పురస్కారం, పరిశోధన, డాక్యుమెంటేషన్ పథకాలు అక్కడున్నాయి. పెద్దవాళ్ళ దగ్గర మిగిలిన పాఠాలను (పాడే తీరులను) రికార్డు చేసే పనికి ఇది సరిపోతుంది. టాగూర్ నేషనల్ ఫెలోషిప్ నెలకు 80,000 అని విని నోరూరవచ్చు, అది ఇప్పటికే పేరున్న పండితులకు, ఆ పథకంలో చేరిన సంస్థలో కూర్చుని చేసే పనికి. మీకు ఇప్పుడే కాదు. రాష్ట్రాల భాషా సాంస్కృతిక శాఖలు ప్రధానంగా కార్యక్రమాలకే చేయూతనిస్తాయి, పరిశోధనకు వాటిని నమ్ముకోవద్దు.

అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలు కూడా ఇలాంటి ప్రశ్నలే అడుగుతుంటారు కాబట్టి వాళ్ళ కోసం ఒక ముక్క. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వాళ్ళు ఇక్కడికొచ్చి పరిశోధించేవాళ్ళకూ, సాధన చేసేవాళ్ళకూ ఫెలోషిప్పులిస్తారు. వాళ్ళదే గురుగ్రామ్‌లో ధ్వని భాండాగారం ఉంది. అందులో వినడానికి మనమూ వెళ్ళవచ్చు.

ఒకే పనికి రెండుచోట్ల డబ్బు తీసుకోకండి. పనిని ముక్కలు చేసి, ఏ ముక్క ఎక్కడిదో రాసి చెబితే తప్పులేదు. దాచితే చిక్కు. ఇంకొకటి, ఏ గ్రాంటైనా సరే, విడతలు చెప్పిన తేదీకే పడతాయని లెక్కవేసుకుని ఉద్యోగం, పాఠాలు మానేయకండి.

ప్రశ్న ఎలా ఉండాలి

ఒక ప్రైవేటు ట్రస్టు ఎంపిక కమిటీలో కొన్నాళ్ళు కూర్చున్నాను. సంగీతం దరఖాస్తుల్లో సగానికి పైగా ఒకే అచ్చు: "ఫలానా వారి జీవితం, సాహిత్యం, సంగీతం – ఒక పరిశీలన." మొదటి పేజీ అంతా స్తోత్రం. ఒకాయన క్షేత్రయ్యను "పదకవితా పితామహుడు" అని పొగుడుతూ మొదలుపెట్టారు. అది అన్నమయ్య బిరుదు. పక్కనున్న సభ్యురాలు అక్కడే పెన్ను కింద పెట్టేశారు.

మహానుభావుడని మీరు నిరూపించనక్కర్లేదు. ఇచ్చేవాళ్ళు చూసేది ఒక్కటే: ఈ మనిషికి డబ్బిస్తే, రెండేళ్ళ తర్వాత ఇంతకుముందు లేనిది ఏం చేతికొస్తుంది?

క్షేత్రయ్య విషయంలో అలాంటి పని కుప్పలుగా ఉంది. ఒక పదంలో ఆయనే తన లెక్క చెప్పుకున్నాడు: మధుర తిరుమలేంద్రుడు, తంజావూరు విజయరాఘవుడు, గోలకొండ పాదుషా, వీళ్ళ దగ్గర వేల పదాలు చెప్పానని. ఇవాళ మనకు దొరికేవి కొన్ని వందలు. వాటిలో సాహిత్యంతో పాటు పాడే తీరు కూడా నిలిచినవి ఇంకా తక్కువ. మువ్వగోపాల ముద్ర (పాటలో కవి పెట్టుకునే సంతకం) ఉన్నవన్నీ ఆయనవేనా అన్నది మరో తగాదా. తాళపత్రాల మీద ఆసక్తి ఉంటే తంజావూరు సరస్వతీ మహల్, చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, హైదరాబాదు ప్రాచ్య లిఖిత గ్రంథాలయం మూడూ తిరగాల్సిందే. కానీ మీరు ప్రధానంగా గాయకులు, అందుకని ఆ దారి చెప్పను.

మీకు సరిపోయేది, నా దృష్టిలో, ఇది. క్షేత్రయ్య ఊరు మువ్వ, నాట్యానికి పేరున్న కూచిపూడి ఒకే మండలంలో ఉన్నాయి. విజయవాడ నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. పదం పుట్టింది కృష్ణా జిల్లా మనిషి నోట, కచేరీ వేదిక మీద ఈనాడు మనం వినే బాణీ మాత్రం చాలావరకు తంజావూరు మీదుగా చెన్నై చేరిన కుటుంబాలది: వీణ ధనమ్మాళ్, ఆవిడ మనవరాళ్ళు బృంద, ముక్త, బాలసరస్వతి. మరి కూచిపూడి భాగవతుల ఇళ్ళలో అభినయానికి పాడే అదే పదం ఎలా ఉంటుంది? రెండింటి మధ్య రాగం నడక, తాళం, సాహిత్యం ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి? దీనికి మూడో సాక్షి కూడా ఉంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. తెలుగు లిపిలో, గమకాల (స్వరాన్ని ఊపే, జార్చే తీరుల) గుర్తులతో సహా, కొన్ని క్షేత్రయ్య పదాలను స్వరపరిచారు అందులో. అచ్చులో ఉన్నది, చెన్నైలో పాడినది, కూచిపూడిలో పాడేది – మూడింటినీ పక్కపక్కన పెట్టండి.

ఎలా పెట్టాలో కూడా ప్రపోజల్‌లోనే చూపించండి. ఒక్క పల్లవి తీసుకోండి. పదాల్లో ఎక్కువ ఏడు దెబ్బల త్రిపుట తాళంలోనే ఉంటాయి కాబట్టి ఆవర్తానికి (తాళం ఒక చుట్టుకు) ఏడు గళ్ళు గీయండి. పై వరుసలో ప్రదర్శినిలోని స్వరం, కింద వరుసలో రికార్డింగులో విన్నది, మూడో వరుసలో కూచిపూడిలో మీరు పాఠం చెప్పించుకున్నది. ప్రతి వరుస కిందా సాహిత్యం అక్షరం అక్షరం విడదీసి రాయండి. పాట ఎత్తుకోవడం ఏ గడిలో పడింది, ఏ అక్షరం మీద సాగదీశారు, ఏ సంగతి (అదే పంక్తిని మార్చి పాడే తీరు) అచ్చులో లేదు అన్నది తెలుగు రాని సభ్యుడికి కూడా కళ్ళకు కడుతుంది. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి మొదటిసారి "జీవితం–సాహిత్యం–సంగీతం" పద్ధతిలో రాసి పంపితే తిరిగొచ్చింది. మరుసటి ఏడు అదే క్షేత్రయ్య, అదే అమ్మాయి, ఇలాంటి పట్టిక ఒక పేజీ జతచేసింది. ఇంటర్వ్యూలో ఆ పేజీ గురించే అడిగారట, మిగతా ప్రపోజల్ ఎవరూ తిప్పలేదట.

మొదటి పేరా ఇలా ఉంటే చాలు: "క్షేత్రయ్య పదాలు పది ఎంచుకుని, 1904 నాటి అచ్చు స్వరానికీ, ధనమ్మాళ్ బాణీ రికార్డింగులకూ, కూచిపూడి కుటుంబాల మౌఖిక పాఠానికీ మధ్య తేడాలను నమోదు చేస్తాను. పది పదాలకూ మూడు పాఠాల స్వర లిపి, వాటి ఆడియో, తేడాల మీద ఒక విశ్లేషణ రెండేళ్ళ చివర అందజేస్తాను." మహాకవి, అజరామరం, తెలుగుజాతి కంఠహారం, ఇవేవీ అక్కర్లేదు.

గోదావరి జిల్లాల కళావంతుల (ఆటపాటలే వృత్తిగా ఉన్న దేవదాసీ కుటుంబాల) పదాభినయం కూడా గొప్ప క్షేత్రమే. 1947 దేవదాసీ నిషేధ చట్టం తర్వాత ఆ పాట వేదిక దిగి ఇళ్ళలోకి వెళ్ళిపోయింది. కానీ అక్కడ పని చేయాలంటే ముందు ఆ కుటుంబాల నమ్మకం సంపాదించాలి. పిల్లల పెళ్ళిళ్ళు, పరువు అనే భయాలుంటాయి. పేర్లు రాయొద్దంటారు, రాయకూడదు. రెండేళ్ళ గ్రాంటు గడువులో కొత్తగా పరిచయం పెంచుకుని చేసే పని కాదది. పరిచయం ముందే ఉంటే తప్ప ముట్టుకోకండి.

మరో మాట, ఇది నా గట్టి అభిప్రాయం. శృంగారాన్ని చూసి జంకి "జీవాత్మ పరమాత్మల వియోగం" అనే దుప్పటి కప్పకండి. నాయిక మాట, విటుడి డాబు, వేశ్యమాత బేరం, ఇవన్నీ పదంలో ఉన్నవే. చదివేవాళ్ళకు ఈ చరిత్ర తెలుసు. దాచినట్టు కనబడితే మీకు తెలియదనుకుంటారు. ఒక చరణానికి చక్కటి ఇంగ్లీషు అనువాదం జతచేయండి, చాలు.

పాట నమూనా అడుగుతారు. స్టూడియోకు పరిగెత్తక్కర్లేదు. శ్రుతి మాత్రం పెట్టుకుని, ఒక్క పదం మొదటినుంచి చివరిదాకా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో రికార్డు చేసి పంపండి. ప్రతిధ్వని కలిపి మెరుగులు దిద్దితే గమకం వినబడదు. పదానికి అదే ప్రాణం.

బడ్జెట్ సంగతులు

ఫెలోషిప్‌కు పద్దుల గోల లేదు, నెలసరి మొత్తమే. మిగతా చోట్ల మాత్రం బడ్జెట్టే మీ ముఖం. ప్రయాణాలు, బస, గ్రంథాలయ కాపీ రుసుములు, రికార్డింగ్ అందరూ రాస్తారు. మర్చిపోయేది స్వర లిపి టైపు సెట్టింగ్. తెలుగులో స్వరం టైపు చేసే డీటీపీ వాళ్ళు బాగా తక్కువ. తారస్థాయి చుక్క ఒకసారి పక్క స్వరం మీదికి జరిగిపోతుంది, మంద్రస్థాయి చుక్క కింది వరుస సాహిత్యంలో కలిసిపోతుంది, ఫాంటు మారిస్తే గీతలన్నీ ఎగిరిపోతాయి. మామూలు వచనానికి రెండు ప్రూఫులు చాలు, దీనికి నాలుగైదు దిద్దాలి. పేజీ లెక్కన ముందే బేరం కుదుర్చుకుని ఆ మొత్తం వేయండి.

పాఠం చెప్పే పెద్దలకు పారితోషికం తప్పకుండా పెట్టండి. వాళ్ళు "మాకెందుకమ్మా డబ్బు" అంటారు, తీసుకోరు. తాంబూలంలో పెట్టి ఇవ్వండి, అది మర్యాద. కానీ ఆడిటర్‌కు తాంబూలం చూపించలేం. బయల్దేరేముందు వాళ్ళబ్బాయినో కోడలినో పక్కకు పిలిచి విషయం చెప్పి, రసీదు మీద పెద్దావిడ సంతకం తీసుకోండి. 5,000 దాటితే రెవెన్యూ స్టాంపు అంటించాలి. సంచిలో నాలుగు స్టాంపులు ఎప్పుడూ ఉంచుకోండి, పల్లెటూళ్ళో ఆ వేళకు దొరకవు. అదే కాగితం మీద రికార్డింగుకు, దాన్ని ఎలా వాడతారన్న దానికి సమ్మతి కూడా రాయించుకోండి.

హక్కుల మాట

పదాల సాహిత్యం, సంప్రదాయంగా వచ్చిన వరస ఎవరి సొత్తూ కాదు. నిశ్చింతగా పాడుకోవచ్చు, అచ్చువేయవచ్చు. రికార్డింగులు అలా కాదు. మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణకు విడుదలయ్యాక 60 ఏళ్ళు, కళాకారుడి ప్రదర్శన హక్కుకు 50 ఏళ్ళు రక్షణ. 1930లలో ధనమ్మాళ్ ఇచ్చిన గ్రామఫోను రికార్డులు ఆ గడువు దాటిపోయాయి. తర్వాతి తరం రికార్డింగులు విని రాసుకోవడానికి అడ్డు లేదు, మీ ఆడియోలో ముక్కలు కలిపి బయటపెట్టాలంటే అనుమతి కావాలి.

ఇదే పని అన్నమయ్య మీద చేయబోయేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల్లో ఉన్నది సాహిత్యం, రాగం పేరు మాత్రమే. మనం పాడే వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు స్వరకర్తలవి. స్వరకర్త పోయాక 60 ఏళ్ళ వరకు ఆ వరసకు హక్కు ఉంటుంది. అలాంటి స్వరకర్తల్లో ఒకరైన రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మగారు పోయింది 1979లో, లెక్క మీరే వేసుకోండి. ప్రపోజల్‌లో ఈ ఎరుక ఒక్క వాక్యంలో కనబడినా మీ మీద గౌరవం పెరుగుతుంది.

కచేరీ డబ్బు

కేంద్రానిదే ఇంకో పథకం ఉంది, సాంస్కృతిక కార్యక్రమాలకూ, నిర్మాణాలకూ ఇచ్చేది. వ్యక్తులకు ఇవ్వరు. కనీసం మూడేళ్ళ కిందట రిజిస్టరైన లాభాపేక్ష లేని సంస్థ అడగాలి, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. మామూలుగా 5 లక్షల వరకు, అదీ ఖర్చులో 75 శాతానికి మించకుండా. మిగతా పాతిక శాతం సంస్థ తెచ్చుకోవాలి. మంజూరైన మొత్తంలో ముప్పాతిక ముందు ఇచ్చి, లెక్కలు, ఆడిటర్ సంతకంతో వినియోగ పత్రం పంపాక మిగతాది ఇస్తారు. పథకాల అంకెలు మారుతుంటాయి, ఆ ఏటి ప్రకటన చదివే నింపండి. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే) డబ్బు కూడా సంప్రదాయ కళలకు ఇవ్వవచ్చని చట్టంలోనే ఉంది, కానీ అదీ రిజిస్టరైన సంస్థకే.

రెండు గంటలు వరసగా విళంబంలో (నెమ్మది నడకలో) పదాలు పాడితే ఎంతటి రసికుడైనా గడియారం చూస్తాడు. అందుకే పెద్దలు కచేరీలో పదాన్ని ప్రధాన కృతి అయ్యాక, ఒకటో రెండో పాడేవారు. మీరు అడగాల్సింది మామూలు కచేరీకి కాదు. గంటన్నర సోదాహరణ ప్రసంగం, ఆరు పదాలు, ఒక్కో పదం రెండు పాఠాల్లో, మధ్యలో ఒక నర్తకి కూర్చుని చేసే అభినయం. తంబురా, వయొలిన్ లేదా వీణ, మృదంగం చాలు. ఇది మీ పరిశోధనలోంచి పుట్టిన కార్యక్రమమని చూడగానే తెలుస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. పక్కవాద్యాల వాళ్ళకు పారితోషికం బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

ఇక సంస్థ పెట్టుకోవాలా అన్నారు. ఈ ఒక్క కచేరీ కోసమైతే వద్దు. ఇవాళ రిజిస్టర్ చేయించినా అర్హత వచ్చేది మూడేళ్ళకు, ఈలోగా ఏటా ఆడిట్, సమావేశాల మినిట్స్, రెన్యువల్ మీ మెడకే. మీ ఊళ్ళోనో గుంటూరు, తెనాలిలోనో ఏళ్ళ తరబడి నడుస్తూ, లెక్కలు శుభ్రంగా ఉన్న సభను చూసుకోండి. కార్యదర్శిని కలిసి గత మూడేళ్ళ ఆడిట్ నివేదికలు చూపించమని అడగండి. మొహమాటపడకండి, ఎలాగూ దరఖాస్తుకు అవే జతచేయాలి. తర్వాత ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: కార్యక్రమం రూపకల్పన మీది, ఖాతా వాళ్ళది, రికార్డింగు హక్కు మీది, ఆ పాతిక శాతం ఎవరు తెస్తారు అన్నది అంకెతో సహా. మాట మీద వదిలేయకండి, తగాదా ఎప్పుడూ ఆ పాతిక శాతం దగ్గరే మొదలవుతుంది.